ఒంగోలులో ఆదివారపు చరిత్ర పాఠాలు: బానిస విముక్తి చట్టాల అమలు గురించిన కోర్సుపై సమీక్ష

ఒంగోలులో కర్నూలు రోడ్డుకు దగ్గరగా ఉన్న ఒక మేడ మీది హాలులో ఆదివారం సాయంత్రాలు చరిత్ర పాఠాలు చెబుతున్నారు. ఈ విడతకు నిర్వాహకులు ఎంచుకున్న విషయం యుద్ధకాలంలో క్రమ విముక్తి చట్టాల అమలు. బానిసత్వాన్ని ఒక్క దెబ్బతో రద్దు చేయకుండా, పుట్టబోయే పిల్లలతో మొదలుపెట్టి తరాల మీద విడిపించే చట్టాలను, ఒకవైపు యుద్ధం జరుగుతుండగా, ససేమిరా అన్న యజమానుల మీద ప్రభుత్వాలు ఎలా అమలు చేశాయో, ఎక్కడ చేతులెత్తేశాయో ఈ కోర్సు చెబుతుంది. రెవెన్యూ శాఖలో ఉద్యోగం చేసి విరమించిన నాకు చట్టం ఒక ఎత్తు, దాని అమలు ఒక ఎత్తు అన్న సంగతి ఎవరూ కొత్తగా చెప్పనక్కరలేదు. అయినా ఆ రెండింటి మధ్య ఉండే దూరాన్ని ఇంత ఓపికగా, కాగితాలు ముందు పెట్టి, ఎవరి తప్పు ఎక్కడుందో చూపిస్తూ చెప్పిన పాఠం మన జిల్లాల్లో నేను ఇంతవరకు వినలేదు. ఆరు వందల రూపాయల ఫీజుకు ఇది ఎక్కువే ఇస్తుందని ముందే చెబుతున్నాను. లోపాలు కూడా ఉన్నాయి, వాటినీ దాచను.

పాఠం చెప్పేది డిగ్రీ కళాశాలలో చరిత్ర బోధించి విరమించిన ఒక అధ్యాపకురాలు. వినడానికి వచ్చేవారిలో కోర్టు వకీళ్లు, హైస్కూలు టీచర్లు, గ్రూప్స్ పరీక్షలకు చదువుకుంటున్న యువకులు, కందుకూరు, సింగరాయకొండ వైపు నుంచి బస్సెక్కి వచ్చే ఇద్దరు ముగ్గురు పెద్దవారు ఉన్నారు. మేడంగారు మొదటి రోజు అమెరికా అధ్యక్షుడు లింకన్‌తో మొదలుపెడతారని అందరం అనుకున్నాం. ఆమె 1780లో అమెరికాలోని పెన్సిల్వేనియా రాష్ట్రం చేసిన చట్టంతో మొదలుపెట్టారు, కోర్సులో సగానికి పైగా దాని మీదనే నిలిచారు. నా దృష్టిలో ఇది సరైన నిర్ణయం, ఎందుకంటే తర్వాత వచ్చిన చట్టాల బలమూ బలహీనతా రెండూ ఆ ఒక్క చట్టంలో విత్తనాలుగా ఉన్నాయి.

ఆ కాలం ఎలాంటిదో ఆమె ముందుగా వివరించారు. అమెరికా వలసలు బ్రిటన్‌తో స్వాతంత్ర్య యుద్ధం చేస్తున్నాయి. పెన్సిల్వేనియాలోని ఫిలడెల్ఫియా నగరం 1777 సెప్టెంబరు నుంచి 1778 జూన్ వరకు బ్రిటిష్ సైన్యం చేతిలో ఉండిపోయింది. మరోవైపు 1775లోనే వర్జీనియా బ్రిటిష్ గవర్నరు డన్మోర్, తిరుగుబాటుదారుల బానిసలు తమ పక్షాన ఆయుధం పడితే స్వేచ్ఛ ఇస్తామని ప్రకటించి ఉన్నాడు. శత్రువు స్వేచ్ఛను ఎరగా చూపుతుంటే, స్వేచ్ఛ కోసమే పోరాడుతున్నామని చెప్పుకునేవారు బానిసలను ఉంచుకోవడం ఎంత ఇబ్బందికరమో వేరే చెప్పనక్కరలేదు. రాష్ట్ర కార్యనిర్వాహక మండలిలో పెద్ద పదవిలో ఉన్న జార్జ్ బ్రయన్ పట్టుబట్టి ఈ బిల్లును శాసనసభ ముందుకు తెచ్చాడు. మొదటి ముసాయిదాలో బానిస తల్లికి పుట్టిన ఆడపిల్ల 18 ఏళ్లకు, మగపిల్లవాడు 21 ఏళ్లకు విడుదల కావాలని ఉంది. చర్చలు ముగిసేసరికి అది ఇద్దరికీ 28 ఏళ్లు అయింది. 1780 మార్చి 1న 34 ఓట్లకు 21 ఓట్లతో చట్టం నెగ్గింది.

ఇక్కడ మేడంగారు ఆగి, ఆ ఏడేళ్లు, పదేళ్లు ఎవరి ఖాతాలోంచి పోయాయో లెక్క వేయమన్నారు. యజమానికి నష్టపరిహారం ఖజానా నుంచి ఒక్క పైసా ఇవ్వలేదు గానీ, ఇంకా పుట్టని పిల్లల యౌవనంలో నుంచి ఇచ్చారు. చట్టం వచ్చే నాటికి బానిసలుగా ఉన్నవారికి, నమోదైతే, జీవితాంతం విముక్తి లేదు. ఈ చట్టాన్ని పొగిడే పాఠ్యపుస్తకాలు సాధారణంగా ఈ మాటను ఒక వాక్యంలో దాటేస్తాయి. ఈ తరగతిలో దాని మీద ఒక సాయంత్రం గడిచింది.

కోర్సులో అన్నిటికంటే గొప్ప భాగం నమోదు రిజిస్టరు గురించిన పాఠం. ప్రతి యజమానీ 1780 నవంబరు 1 లోపల తన కౌంటీ (మన జిల్లా లాంటిది) కోర్టు గుమాస్తా దగ్గరికి వెళ్లి, తన పేరు, వృత్తి, నివాసం, తన దగ్గర ఉన్న బానిసల పేర్లు, వయసులు, ఆడా మగా అన్న వివరం, వారు జీవితాంతం బానిసలా లేక పాత చట్టం కింద 31 ఏళ్ల వరకు చాకిరీకి కట్టుబడినవారా అన్న సంగతి రాతపూర్వకంగా ఇచ్చి, మనిషికి రెండు డాలర్ల చొప్పున రుసుము కట్టాలి. గడువులోగా పేరు ఎక్కని మనిషి ఆ మరునాటి నుంచి స్వతంత్రుడు. యుద్ధంలో మునిగి ఉన్న ప్రభుత్వానికి ఇంటింటికీ పంపడానికి సిబ్బంది లేరు, డబ్బు అంతకంటే లేదు. అందువల్ల అమలు భారాన్ని యజమాని నెత్తి మీదనే పెట్టి, అతని బద్ధకం, మొండితనం, నిర్లక్ష్యం ఏవైనా సరే బానిసకు మేలు చేసేలా చట్టాన్ని అల్లారు. కాగితం లేకపోతే హక్కు లేదన్న సూత్రాన్ని పేదవాడి మీద ప్రయోగించడం నా ఉద్యోగ జీవితమంతా చూశాను. అదే సూత్రాన్ని బలవంతుడి మీదికి తిప్పిన చట్టం ఒకటి రెండు వందల నలభై ఏళ్ల కిందటే ఉందని తెలిసినప్పుడు నాకు కలిగిన ఉద్వేగం మాటల్లో పెట్టలేను.

ఈ పాఠానికి ఒక అభ్యాసం జతచేశారు. రిజిస్టరు నమూనాను తెలుగులో అచ్చు వేసి అందరికీ తలా ఒకటి పంచి, కొందరిని యజమానులుగా, ఒకరిని గుమాస్తాగా, ఒక టీచరుగారిని చంటిబిడ్డ ఉన్న బానిస స్త్రీగా కూర్చోబెట్టారు. యజమానిగా కూర్చున్న వకీలుగారు తల్లి పేరు రాశారు, వయసు రాశారు, రుసుము కట్టినట్టు గుమాస్తా సంతకం చేశారు. బిడ్డ పేరు రాయలేదు. బిడ్డ మార్చి 1కి ముందు పుట్టిందా, తర్వాత పుట్టిందా అని మేడంగారు అడిగారు. ముందు పుట్టి, పేరు ఎక్కకపోతే పరిస్థితి ఏమిటి? గది రెండుగా చీలిపోయింది. 28 ఏళ్ల చాకిరీ అయినా చేయాలి కదా అని సగం మంది వాదించారు. సరిగ్గా ఇదే ప్రశ్న బెట్సీ అనే నల్లజాతి స్త్రీ కేసులో పెన్సిల్వేనియా సుప్రీంకోర్టుకు 1789లో వచ్చిందని, చట్టానికి ముందు పుట్టి నమోదు కాని పిల్లలు 28 ఏళ్లు ఆగనక్కరలేకుండా పూర్తి స్వతంత్రులేనని మెజారిటీ న్యాయమూర్తులు తేల్చారని ఆ తర్వాత చెప్పారు. ముందే తీర్పు చెప్పేసి ఉంటే మాలో ఎవరికీ అది ఇంతగా మనసులో నాటుకునేది కాదు.

యజమానుల ప్రతిఘటనను కోర్సు బాగా పట్టుకుంది. గడువు తప్పిన యజమానులు ఊరుకోలేదు. చట్టాన్ని సమర్థించిన సభ్యులు చాలామంది తర్వాతి ఎన్నికల్లో సీట్లు పోగొట్టుకున్నారు. 1781లో కొత్త సభ ముందు, గడువు పొడిగించి, అప్పటికే స్వతంత్రులైనవారిని మళ్లీ బానిసలుగా నమోదు చేసుకునే వీలు కల్పించాలన్న ప్రయత్నం జరిగింది. అప్పుడు విడుదలైన నల్లవారు తమ గోడును సభ ముందు, పత్రికల ముందు పెట్టుకున్నారు. ఆ ప్రయత్నం ఓడిపోయింది. పడమటి కొండల వైపు వెస్ట్‌మోర్‌లాండ్, వాషింగ్టన్ కౌంటీల కథ మాత్రం వేరు. ఆ నేల మాదంటే మాదని పెన్సిల్వేనియా, వర్జీనియా తగవులాడుకున్నాయి. అక్కడి యజమానులు తాము వర్జీనియా వాళ్లమని చెప్పి నమోదుకు రాలేదు. చివరికి 1782లో వారికి ప్రత్యేకంగా 1783 జనవరి 1 వరకు గడువు ఇచ్చారు. సరిహద్దు తగాదాను అడ్డం పెట్టుకుని చట్టం నుంచి తప్పించుకోవడం, ప్రభుత్వం యుద్ధం మధ్యలో ఆ ప్రాంతపు మద్దతు పోగొట్టుకోలేక సర్దుకుపోవడం, ఆ సర్దుబాటు ధరను ఆ ప్రాంతపు బానిసలు చెల్లించడం అన్నీ ఈ ఒక్క ఉదంతంలో కనిపిస్తాయి. అయితే ఈ పాఠానికి పటం లేదు. సరిహద్దు వివాదం గురించి గంట సేపు చెబుతూ గోడ మీద ఒక్క మ్యాపు కూడా పెట్టకపోవడం నిర్వాహకుల లోపమే. వెనక వరుసలో కూర్చున్న పిల్లలు ఫోన్లలో వెతుక్కుని చూసుకోవలసి వచ్చింది.

గడువు పాటించి నమోదు చేసుకున్నవారిలోనూ కొందరు వేరే దారులు వెతికారు. కాన్పు దగ్గరపడిన బానిస స్త్రీని పొరుగు రాష్ట్రానికి పంపితే పుట్టిన బిడ్డ అక్కడి చట్టం కింద బానిసే అవుతుంది. మనుషుల్ని దక్షిణాదికి అమ్మేస్తే ఇక్కడి చట్టం వారిని కాపాడదు. ఈ కంతలు పూడ్చడానికి 1788 మార్చి దాకా ఆగవలసి వచ్చింది. ఆ ఏడాది చేసిన సవరణతో గర్భిణులను రాష్ట్రం దాటించడం నిషిద్ధమైంది, బిడ్డల నమోదు తప్పనిసరి అయింది, భార్యాభర్తలను, తల్లీబిడ్డలను వారి ఇష్టం లేకుండా పది మైళ్లకు మించి విడదీయడం నేరమైంది. దీని వెనుక 1775లో ఏర్పడి, యుద్ధంలో ఆగిపోయి, 1784లో మళ్లీ లేచి, 1787లో బెంజమిన్ ఫ్రాంక్లిన్‌ను అధ్యక్షుడిగా పెట్టుకున్న పెన్సిల్వేనియా విముక్తి సంఘం ఉంది. ఆ సంఘపు వకీళ్లు ఒక్కొక్క మనిషి కోసం రిజిస్టర్లు తిరగేసి కోర్టుకెక్కారు. చట్టం చేసిన ప్రభుత్వం చేయలేని పనిని బయటివారు ఫిర్యాదు మీద ఫిర్యాదు పెట్టి చేయించారన్నమాట. 1992లో దూబగుంట నుంచి మొదలైన సారా వ్యతిరేక ఉద్యమంలో ఆడవాళ్లు దుకాణాల ముందు కాపలా కూర్చోకపోతే కాగితం మీది ఉత్తర్వులతో సారా ఆగేదా అని నెల్లూరు నుంచి వచ్చిన ఒక పెద్దాయన అన్నారు. మేడంగారు ఆ మాటను మెచ్చుకుని పాఠంలో కలుపుకున్నారు.

ఫలితం ఏమిటని అడిగేవారికి జనాభా లెక్కలు చూపించారు. పెన్సిల్వేనియాలో 1790లో 3,737 మంది బానిసలు ఉండగా 1800 నాటికి 1,706 మంది, 1810 నాటికి 795 మంది మిగిలారు. పూర్తిగా రద్దు కావడానికి 1847 దాకా పట్టింది. ఈ అంకెల పక్కన 28 ఏళ్ల చాకిరీలో ఉన్న పిల్లల సంఖ్య లేదని, జనాభా లెక్కలో వారు స్వతంత్రుల కిందికే వస్తారని ఆమె గుర్తుచేశారు. న్యూయార్క్ 1799లో, న్యూజెర్సీ 1804లో చేసిన చట్టాలను రోడ్ ఐలాండ్, కనెక్టికట్ చట్టాలతో కలిపి ఒక్క సాయంత్రంలో ముగించారు. అది చాలు.

మరొక ముఖ్యమైన పాఠం సాక్ష్యం గురించి. 1780 చట్టం నేర విచారణలో బానిసలను మిగతావారితో సమానంగా చూడమన్నది గానీ, స్వతంత్రుడికి వ్యతిరేకంగా బానిస సాక్ష్యం చెప్పరాదని ఒక మెలిక పెట్టింది. యజమాని తప్పుడు వయసు రాయించినా, ఆ తప్పును అందరికంటే బాగా ఎరిగిన మనిషి నోరు విప్పడానికి లేదు. దీనికి పక్కనే అమెరికా అంతర్యుద్ధ కాలపు రాజధాని చట్టాన్ని పెట్టి చూపారు. 1862 ఏప్రిల్ 16న వాషింగ్టన్ నగరంలో బానిసత్వం రద్దయింది. ప్రభుత్వానికి విధేయులైన యజమానులు దరఖాస్తు పెట్టుకుంటే సగటున మనిషికి 300 డాలర్లకు మించకుండా పరిహారం ఇస్తామన్నారు. కొందరు యజమానులు దరఖాస్తే పెట్టలేదు, బానిసల పేర్లు బయటపెట్టలేదు. అప్పుడు జూలై 12న అనుబంధ చట్టం వచ్చింది. దాని ప్రకారం యజమాని జాబితా ఇవ్వకపోతే బానిసే స్వయంగా దరఖాస్తు చేసుకోవచ్చు, రంగును బట్టి ఏ సాక్షినీ తోసిపుచ్చరాదు. ఎనభై రెండేళ్ల తేడాలో రెండు చట్టాలు ఒకే మొండితనాన్ని ఎదుర్కొన్న తీరును ఇలా పక్కపక్కన పెట్టడం ఈ కోర్సులో నేను నేర్చుకున్నవాటిలో అత్యంత విలువైనది.

ఆ సాయంత్రం చర్చ సహజంగానే మన వైపు మళ్లింది. వెట్టిచాకిరీ రద్దు ఆర్డినెన్సు 1975 అక్టోబరులో, అత్యవసర పరిస్థితి కాలంలో వచ్చింది, 1976లో చట్టమైంది. అందులో 15వ సెక్షన్ ప్రకారం, అది వెట్టి అప్పు కాదని రుజువు చేసే భారం అప్పిచ్చినవాడి మీదనే ఉంటుంది. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో ఇటుక బట్టీల దగ్గర, రొయ్యల చెరువుల కాపలాలో, నిమ్మతోటల్లో అడ్వాన్సు తీసుకుని ఇరుక్కున్న యానాది కుటుంబాలను చూసినవారికి ఈ సెక్షన్ విలువ తెలుసు. అడ్వాన్సు రాసిన పుస్తకం ఎప్పుడూ యజమాని దగ్గరే ఉంటుంది. విచారణకు వెళ్లిన అధికారి ఆ పుస్తకాన్ని అడగకుండా, మేస్త్రీ పక్కన నిలబడి ఉండగా కూలీని ‘నీ ఇష్టంతోనే ఉంటున్నావా’ అని అడిగితే అతడు ఏమంటాడో ఊహించుకోవచ్చు. సెక్షన్ భారాన్ని యజమాని మీద పెట్టింది. విచారణ పద్ధతి దాన్ని తిరిగి తెచ్చి కూలీ మీద పెడుతుంది. ఫిలడెల్ఫియా గుమాస్తా రిజిస్టరు గురించి చదవడం వల్ల ఈ తేడాను ఇంత స్పష్టంగా పట్టుకోగలిగాను. విముక్తి పత్రాల ఫైళ్లు చూసే యువ తహసీల్దార్లు, ఆర్డీవోలు ఈ పాఠం ఒక్కటైనా వినాలని నా గట్టి కోరిక.

క్యూబా పాఠం మాత్రం నిరాశపరిచింది. నిజానికి కోర్సు శీర్షికకు అన్నిటికంటే దగ్గరగా సరిపోయేది అదే. స్పెయిన్ ఏలుబడిలో ఉన్న క్యూబాలో 1868 అక్టోబరులో సెస్పెదెస్ అనే చెరకు తోటల యజమాని తన బానిసలను విడిచిపెట్టి స్పెయిన్ మీద తిరుగుబాటు లేవదీశాడు. పదేళ్లు యుద్ధం సాగింది. తిరుగుబాటు బలాన్ని తగ్గించడానికి స్పెయిన్ 1870 జూలై 4న మొరెట్ చట్టం చేసింది. 1868 సెప్టెంబరు 17 తర్వాత పుట్టిన పిల్లలు, 60 ఏళ్లు దాటినవారు, స్పెయిన్ సైన్యానికి పనిచేసినవారు విముక్తులు. జనగణన జాబితాలో పేరు లేనివారు కూడా విముక్తులే. కానీ యుద్ధానికి కావలసిన పన్నులు ఆ చెరకు యజమానుల నుంచే రావాలి గనుక వారిని నొప్పించడానికి స్పెయిన్‌కు ధైర్యం చాలలేదు. అమలు నియమావళి 1872 దాకా రాలేదు. 60 దాటిన ముసలివారికి రిజిస్టర్లలో వయసు తగ్గించి రాసుకున్నారు. చట్టం వచ్చిన ఎనిమిదేళ్లకు, 1878లో యుద్ధం ముగిసిన ఒప్పందంలో తిరుగుబాటు సైన్యంలో ఉన్న బానిసలకు స్వేచ్ఛ దక్కింది, తోటల్లో అణిగిమణిగి ఉన్నవారికి దక్కలేదు. బానిసత్వపు చివరి రూపం 1886 అక్టోబరులో గానీ పోలేదు. ఇంత సంగతిని నలభై నిమిషాల్లో పరుగెత్తించారు. వయసు దిద్దిన రిజిస్టరును పెన్సిల్వేనియా రిజిస్టరు పక్కన పెట్టి, అక్కడ యజమానిని దండించిన జాబితా ఇక్కడ యజమానికి ఎందుకు పనికొచ్చిందో విడమరచి చెప్పే అవకాశం చేజారింది. ఆ రోజు సమయంలో సగం, పరీక్షలకు చదివేవారు బిట్లకు పనికొచ్చే సంవత్సరాలు మళ్లీ మళ్లీ అడగడంతో పోయింది. వారి అవసరం నాకు తెలుసు. దానికి వేరే సమయం కేటాయించాలి.

పంచిన జిరాక్స్ ప్రతుల నాణ్యత కూడా బాగాలేదు. రిజిస్టరు నకలులో అక్షరాలు మసకబారి, వయసుల గడి అసలు కనబడలేదు. ఈ కోర్సులో కనబడి తీరవలసిన గడి ఏదైనా ఉంటే అది వయసుల గడే. మెట్లు నిటారుగా ఉండటం వల్ల మోకాళ్ల నొప్పులున్నవారికి కష్టం, లిఫ్టు లేదు. ఐదు గంటలకని చెప్పి ఐదున్నరకు మొదలుపెట్టడం మానుకోవాలి. చివరి బస్సుకు వెళ్లేవారు ముగింపు చర్చ వినకుండానే లేచిపోయేవారు. మంచినీళ్లు, ఫ్యాన్లు, కూర్చునే ఏర్పాటు బాగున్నాయి.

ఈ అభిప్రాయాలన్నీ రాసి నిర్వాహకులకు ఇచ్చాను. వచ్చే విడతలో క్యూబాకు రెండు ఆదివారాలు కేటాయిస్తామని, పటాలు గోడకు పెడతామని, రిజిస్టరు ప్రతిని పెద్ద అక్షరాల్లో తిరిగి వేయిస్తామని చెప్పారు. చేరదలచినవారు ముందుగా పేరు ఇవ్వాలి, కుర్చీలు నలభై మాత్రమే. నేను ఆ రెండు ఆదివారాల కోసం మళ్లీ పూర్తి ఫీజు కట్టాను.